1306 ఫసలీలో మా నీరటి తాత

మా మేనత్తకు ఎనభై దాటాయి. ఏదైనా ఎప్పుడు జరిగిందని అడిగితే సంవత్సరం చెప్పదు, సంగతి చెబుతుంది. తన వయసు అడిగితే "రజాకార్ల లొల్లిల మేకపిల్లను చంకల వెట్టుకొని ఉరికిన" అంటుంది. అంటే 1948కి ఆరేడేళ్ల పిల్ల. మా నాయిన పుట్టుక అడిగితే "పోలీస్ యాక్షన్ అయినంక రెండో ఏడు" అంటుంది. ఆమె దగ్గరున్న సంగతుల్లో అన్నిటికంటే పాతది ఇది: "మీ తాతకు తాత ధాత కరువునాటికి మూతి మీద మీసం రానోడు. చెరువుకు నీరటి."

నాయిన పోయాక వచ్చిన మొదటి పెత్రమాస నాడు తమ్ముడు పెద్దలకు బియ్యం ఇస్తుంటే అయ్యగారు పేర్లు అడిగారు. నాయిన పేరు, తాత పేరు, ముత్తాత పేరు. మూడూ చెప్పాడు. మూడు తరాలే అడుగుతారు కాబట్టి అక్కడితో అయిపోయింది. నాకు మాత్రం ఆ నాలుగో మనిషి ఎవరన్నది ఆ బియ్యం పళ్లెం దగ్గరే పట్టుకుంది. అప్పటినుంచి నాలుగేళ్లు తిరిగాను. నేను హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. సెలవు దొరికినప్పుడల్లా ఇదే పని.

పేరు కోసం వెతకాల్సిన అవసరం పడలేదు. మేనత్తను అడిగితే ఒక్క మాటలో చెప్పింది: "పేరేంది బిడ్డా, మీ తాత పేరే." మా ఇంట్లో పోయిన తాత పేరు మనవడికి పెడతారు. మా తాత మైసయ్య. కాబట్టి ఆయన తాత కూడా మైసయ్యే. చెరువు కట్ట మీద ఉన్న మైసమ్మ పేరు అది. (మిగతావాళ్ల పేర్లు, ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఇంట్లో పెద్దలు వద్దన్నారు.)

ధాత కరువు అంటే ధాత నామ సంవత్సరంలో వచ్చిన కరువు, 1876-77. మద్రాసు, మైసూరు, బొంబాయి వైపు, నిజాం రాజ్యంలో దక్షిణ జిల్లాల్లో లక్షల మందిని మింగిన కరువు అది. బతికుంటే బలుసాకు తినొచ్చు అన్న మాటను మేనత్త సామెతలా చెప్పదు. నిజంగా తిన్నారని చెబుతుంది. అప్పటికి మీసం రాలేదంటే పదిహేను, పదహారేళ్లు. అంటే 1860 ప్రాంతంలో పుట్టి ఉండాలి. తేదీలు రాసి పెట్టుకోని ఇంట్లో ఇంతకంటే మంచి ఆధారం ఏముంటుంది? ఒక కరువు, ఒక మీసం. నేను దాన్నే పునాదిగా పెట్టుకున్నాను.

నీరటి అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. మా ఇంటిపేరే నీరటి అయినా నాకూ చిన్నప్పుడు తెలియదు. మా వైపు చెరువున్న ఊళ్లల్లో ఊరి పనివాళ్లతో పాటు ఒక నీరటి ఉండేవాడు. తూము తీయడం, మూయడం అతని పని. కాలువ వెంట తిరిగి ఏ మడికి ఎంత పారిందో చూడాలి. వానలు ముదిరితే రాత్రుళ్లు కట్ట మీదే పడుకుని ఎక్కడైనా బుంగ పడిందేమో లాంతరుతో వెతకాలి. మత్తడి (అలుగు) దుంకే వేళకు ఊరికి కబురు పెట్టాలి. నీళ్లు తక్కువైన ఏడాది చెరువు కింద ఎన్ని మడులు తడపాలో ఊరు కూర్చుని తేలుస్తుంది, కానీ ఆ మాట చేలో అమలు చేయాల్సింది నీరటే. చేతిలో పార, ముందు ఆసామి. పెద్ద ఆసామి మడికి నీళ్లు ఆపి చిన్నవాడి మడికి తిప్పడం ఎంత కష్టమో ఊళ్లో పుట్టిన ఎవరికైనా తెలుసు.

దానికి జీతం అంటూ లేదు. ఊరు ఇచ్చిన కొంచెం ఇనాం భూమి, పంట నూర్చినప్పుడు కళ్లం దగ్గర మేరగా కొంత ధాన్యం. అంతే.

మొదట నేను ఆశ పెట్టుకున్నది కాకి పడగల వాళ్ల మీద. మేం ముదిరాజులం. మా ఇళ్లకు వచ్చి పటం కట్టి పాండవుల కథ చెప్పేవాళ్లు కాకి పడగల వాళ్లు. ఊళ్లు వాళ్లలో వాళ్లకు పంచుకుని ఉంటాయి. మా ఊరు వంతున్న పెద్దాయన రెండేళ్లకోసారి వస్తాడు. నేను కబురు పంపితే కొడుకుతో వచ్చాడు. మా గోత్రం చెప్పాడు, మూలపురుషుల కథ చెప్పాడు, ఇంటిపేర్లు వరసగా చదివినట్టు చెప్పాడు. మా ఇంటివరకు వచ్చేసరికి "చెరువుకట్ట నీరటోళ్లు" అన్నాడు. నా ఒళ్లు జలదరించింది. కానీ ఒక్కో ఇంట్లో ఒక్కో మనిషి పేరు తన దగ్గర లేదన్నాడు. వాళ్ల తండ్రికి ఇంకా ఎక్కువ తెలుసని, తాను చిన్నప్పుడు సరిగా నేర్చుకోలేదని చెప్పి బాధపడ్డాడు. ఆ కొడుకు హైదరాబాద్‌లో ఆటో నడుపుతున్నాడు. ఆయన చెప్పిందంతా ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను, దాదాపు రెండు గంటలు. ఎవరి ఇంటికైనా ఇలాంటివాళ్లు వచ్చే ఆనవాయితీ ఉంటే, ఈ ఏడే పిలిపించుకోండి. వచ్చే ఏటికి వాయిదా వేయకండి.

ఇక మిగిలింది కాగితం. పంతొమ్మిదో శతాబ్దపు పల్లెటూరి మనిషికి మన దగ్గర కాగితం ఎక్కడుంటుంది? నిజాం రాజ్యంలో తొలి జనాభా లెక్కలు 1881లో తీశారు. ఊళ్లో ఎంతమందో తెలుస్తుంది, ఎవరెవరో తెలియదు. బడికి పోయింది లేదు, ఫొటో దిగింది లేదు. మిగిలేది భూమి ఒక్కటే. మా తాతకు తాత దొరికే అవకాశం ఉన్నది ఆయన నీరటి కాబట్టే, ఆ ఇనాం ముక్క ఉంది కాబట్టే. అదే ఊళ్లో అప్పుడే బతికిన జీతగాళ్లు, కూలోళ్లు ఏ రిజిస్టరులోనూ ఉండరు. ఇది నాకు ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

మొదటి సాలార్ జంగ్ దివాన్‌గా ఉన్న కాలంలో 1865లో జిల్లాబందీ, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టడం, జరిగింది. భూములు గొలుసులతో కొలిచే సర్వే ఆ తర్వాత వచ్చింది. కొలిచి, నంబర్లు వేసి, ఎంత విస్తీర్ణం, మెట్ట (ఖుష్కీ) భూమా మాగాణి (తరీ) భూమా, ఎవరి పేరు మీద ఉంది అని రాసిన మూల రిజిస్టరే సేత్వార్. దాన్ని నేరుగా అడిగితే దొరకదు. వెనక్కి నడవాలి. ఇప్పటి పహాణీలో (ఏ భూమి ఎవరిదో రాసే ఊరి రికార్డు) నంబరు పట్టుకుని, దాన్నుంచి 1954-55 ఖాస్రా పహాణీకి పోవాలి. ఆ నంబరుతోనే సేత్వార్ అడగాలి. ఒక ఆఫీసులో నన్ను ఏడు నెలలు తిప్పారు. ఆ పేజీ లేదన్నారు, మళ్లీ ఉందన్నారు, చెదలు పట్టిందన్నారు. చివరికి నకలు చేతికొచ్చిన రోజు బస్టాండులో బెంచీ మీద కూర్చుని కాగితం విప్పాను. అంతా ఉర్దూ. ఒక్క అక్షరం రాదు నాకు. అయినా బస్సు వచ్చేదాకా చూస్తూ కూర్చున్నాను.

మా స్కూల్లో పనిచేసే ఒక మేడం వాళ్ల నాన్నగారు రిటైరైన ఉర్దూ మాస్టారు. నల్లగొండలోనే ఉంటారు. కాగితం చూడగానే కళ్లద్దాలు మార్చుకున్నారు. గొలుసుకట్టు రాత, అక్షరాల మీద చుక్కలు సగం పెట్టలేదు. శిస్తు అంకెలైతే మామూలు అంకెలే కావు, పాత దఫ్తర్ల వాళ్లు వాడే రకం గుర్తులు. అవి ఆయనకూ రాలేదు. వేలు పెట్టి ఒక్కో వరస చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగారు. "ఇనాం, నీరటి. 1 ఎకరం 12 గుంటలు. మైసయ్య వల్ద్..." అని, తర్వాత మా ముత్తాత పేరు చదివారు.

వల్ద్ అంటే ఫలానా వాడి కొడుకు అని. నేను ఒక్కసారి లేచి నిలబడ్డాను. మా ముత్తాత పేరు ఆయన తాతది అయి ఉండాలి కదా, తరం విడిచి తరం. మైసయ్య తండ్రి పేరు అదే కావాలి. సరిగ్గా సరిపోయింది.

అప్పుడు మాస్టారు నెమ్మదిగా అడిగారు: "అమ్మా, మీ తాత పేరు కూడా మైసయ్యే అన్నావు. ఆయన తండ్రి పేరేంటి?"

అదే పేరు. మా తాత కూడా మైసయ్య వల్ద్ అదే పేరు. ఈ గీత మీద ఉన్నది తాతో, తాతకు తాతో తేల్చాల్సింది సంవత్సరం ఒక్కటే. పేజీ పైన ఫసలీ సంవత్సరం, అంటే నిజాం కాలంలో శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం, ఉంది. ఫసలీకి 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. మాస్టారు అద్దం పెట్టి చూసి, 1306 కావచ్చు, 1356 కావచ్చు అన్నారు. ఉర్దూలో సున్నా అంటే ఒట్టి చుక్క. అయిదు గుండ్రంగా, పైన మొన తేలినట్టు ఉంటుంది. సిరా చెదిరితే చుక్క ఉబ్బి చిన్న గుండ్రం అవుతుంది. మా కాగితంలో జరిగింది అదే. 1306 అయితే 1896-97, ఆయన ముప్పై అయిదు దాటిన మనిషి. 1356 అయితే 1946-47, మా తాత పాతికేళ్ల పైవాడు. ఒక చుక్క ఉబ్బితే యాభై ఏళ్లు తేడా! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రోజూ బోర్డు మీద సున్నాలు దిద్దే దాన్ని, ఒక్క సున్నా కోసం ఇంత టెన్షన్ ఎప్పుడూ పడలేదు.

దారి కింది వరసలో దొరికింది. మా నంబరు కిందే కుమ్మరి ఇనాం ఉంది. ఆ పేరు పట్టుకుని ఊరికి పోయి కుమ్మరుల ఇంట్లో అడిగాను. ఆ పేరున్నాయన వాళ్ల నాలుగో తరం పెద్ద. ఆయన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పట్నం పోయి మూసీ వరదల్లో కొట్టుకుపోయాడు, శవం కూడా దొరకలేదు. ఆ పేరు ఇంట్లో మళ్లీ ఎవరికీ పెట్టలేదు, అరిష్టమని. మూసీ వరద 1908 సెప్టెంబర్ 28న వచ్చింది. ఆ మనిషి బతికుండగా రాసిన పేజీ 1946ది కాలేదు. 1306 ఫసలీయే. అరుగు మీద వాళ్లిచ్చిన చాయ్ తాగుతూ నేను ఏడ్చాను. ఆ ఇంటి ముసలామె నేను వాళ్ల పెద్దాయన కోసం ఏడుస్తున్నాననుకుని నా వీపు నిమిరింది. అదీ అబద్ధం కాదు.

మళ్లీ మాస్టారి దగ్గరికి పోయి ఆ గీతను అక్షరం అక్షరం చదివి చెప్పమన్నాను, నోట్‌బుక్‌లో ఉన్నదున్నట్టు దిగరాసుకోవాలని. ఆయన కొంచెం వెనకాడారు. "మైసయ్య అనే రాసుకో అమ్మా" అన్నారు. నేను పట్టుబట్టాను. అప్పుడు చెప్పారు, కాగితంలో "అయ్య" లేదు. "మైసిగా" అని ఉంది. మైసిగాడు. మొదటిసారి చదివినప్పుడు నా ముందు ఆ మాట అనలేక మాస్టారే "అయ్య" చేర్చి చదివారు.

ఆ పేజీ మొత్తం మళ్లీ చదివించుకున్నాను. పట్టేదారుల్లో పెద్ద కులాల వాళ్ల పేర్లకు రావు ఉంది, రెడ్డి ఉంది. ఇనాం వరసల్లో నీరటికి, కుమ్మరికి, చాకలికి, తలారికి అందరికీ "గా". రాసినవాడు కోపంతో రాయలేదు. ఊళ్లో ఎలా పిలుస్తారో అలాగే రాశాడు. ముప్పై ఏళ్లు దాటిన మనిషిని, ఊరి నీళ్లన్నీ ఎవరి చేతి మీదుగా పారేవో ఆ మనిషిని, అలాగే పిలిచేవారు. నాకు కోపం వచ్చింది, ఇంకా ఉంది.

ఖాస్రా పహాణీ నకలు తీసి పక్కన పెట్టుకున్నాను. అదే సర్వే నంబరు. అదే 1 ఎకరం 12 గుంటలు. అదే పేరు, అదే తండ్రి పేరు, ఈసారి మా తాత. అక్కడ "మైసయ్య" అని ఉంది. 1896కి 1954కి మధ్య మా నల్లగొండలో ఏం జరిగిందో తెలియనిది కాదు. ఆంధ్ర మహాసభ వచ్చింది, సంఘం వచ్చింది, వెట్టి మీద, "నీ కాల్మొక్త బాంచెన్" మీద జనం తిరగబడ్డారు, సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. మా తాత ఆ పోరాటంలో తుపాకి పట్టలేదు. రాత్రి దళాలకు సంకటి మోసేవాడని మాత్రం మేనత్త చెబుతుంది. ఆ రెండు కాగితాలను నేను ఒకే ఫ్రేములో పక్కపక్కన కట్టించి ఇంట్లో పెట్టుకున్నాను. వచ్చినవాళ్లకు ఒకే పేరున్న రెండు గీతలు చూపిస్తాను.

ఆ భూమి ఇప్పుడు మాది కాదు. చెరువు నిండడం తగ్గాక అందరిలాగే మేమూ బోర్లు వేశాం. రెండు ఫెయిలయ్యాయి. అప్పు తీర్చడానికి నాయిన అమ్మేశాడు. బోరు నీళ్లే తాగిన మా తాత చివరి పదేళ్లు నడుం వంగి, మెడ తిప్పలేక బతికాడు. ఫ్లోరైడ్ సంగతి మా జిల్లా వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. తూము తీసి ఊరికి చెరువు నీళ్లు పంచిన ఇంట్లో మనిషి తాగే నీళ్ల వల్ల అలా పోయాడు. ఇప్పుడు ఆ నంబరులో బత్తాయి తోట ఉంది. కొన్నాయన మంచివాడు. నేను పోతే గేటు తీస్తాడు.

2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు మా చెరువులోనూ పూడిక తీశారు. పాత తూము తీసేసి, చక్రం తిప్పితే లేచే ఇనుప షట్టర్ పెట్టారు. పాత తూము రాళ్లు ఎవరికీ అక్కరలేక కట్ట వాలులో పడి ఉన్నాయి. పోయిన వేసవిలో వాటిని వెతికి చూశాను. రెండు నిలువు స్తంభాలు, వాటి మధ్య బిగించే అడ్డపలక. పలక మధ్యలో గుండ్రటి రంధ్రం, నా పిడికిలి కంటే పెద్దది. ఆ రంధ్రంలో చెక్క బిరడా బిగించి ఉండేదట. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరటి స్తంభం దాకా ఈది, మునిగి దాన్ని లాగాలి. రంధ్రం అంచు ఒకవైపు బాగా అరిగి నున్నగా ఉంది. మిగతా రాయంతా గరుకు. లాగేటప్పుడు బిరడా ఎప్పుడూ ఒకవైపే ఒరుసుకునేది కాబోలు. ఆ అరిగినచోట బొటనవేలు పెడితే సరిగ్గా కూర్చుంది. ఎన్ని వందలసార్లు తీసి మూస్తే నల్లరాయి అంత నున్నబడుతుంది? అది మైసయ్య ఒక్కడి చేయి కాదు. ఆయన తండ్రి, కొడుకు, మనవడు, అందరివీ.

ఆ రోజు మేనత్తను కూడా ఆటోలో కట్ట దాకా తీసుకుపోయాను. మైసమ్మ దగ్గర కొబ్బరికాయ కొట్టింది. షట్టర్ చక్రాన్ని చాలాసేపు చూసి, "గిది తిప్పితె నీళ్లొస్తయా?" అని అడిగింది. వస్తాయన్నాను. "మునిగే పని లేదన్నట్టు" అంది.

తాతకు తాత మైసయ్య భార్య పేరు ఏ కాగితంలోనూ లేదు. కాకి పడగల ఆయనా చెప్పలేకపోయాడు. మేనత్తను మళ్లీ అడిగాను.

"పేరు ఎర్కలేదు బిడ్డా. నీరటోళ్లవ్వ అనేటోళ్లంట. మొగుడు నీళ్లల్ల మునిగితె, తేలేదాక గీడ గూసునేదంట." కట్ట మీద, తూముకు ఎదురుగా ఉన్న బండను చేతికర్రతో చూపించింది. తర్వాత తనే పోయి దాని మీద కూర్చుంది.